మిద్దె మీద కానుగ మొక్కలు

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి ఏడాది ఎండాకాలంలో నన్ను హైదరాబాద్ నుంచి మెదక్‌కు బదిలీ చేశారు. హోదా డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు. సైటులో ఎండకు నిలబడే అసిస్టెంటు ఇంజనీరుకు పైన, ఫ్యాను కింద సంతకాలు పెట్టే ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుకు, అంటే ఇ.ఇ.కి, కింద ఉండే ఉద్యోగం అది. ఏదైనా తేడా వస్తే ఇద్దరూ వేలు చూపించడానికి వీలుగా మధ్యలో వేసిన కుర్చీ. నేను చేరేసరికి ఇ.ఇ. పోస్టు ఖాళీగా ఉండటంతో నేరుగా సూపరింటెండింగ్ ఇంజనీరుకే, అంటే ఎస్.ఇ. గారికే, జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. నాకది సుఖంగానే ఉండేది, ఎందుకంటే నా పని నాకు వచ్చు.

నాది పాత కట్టడాల మరమ్మతు. సిమెంటు రాకముందు సున్నంతో కట్టిన గోడలు, టేకు దూలాల మిద్దెలు, గచ్చు నేలలు నా పరిధిలోకి వస్తాయి. ఇలాంటి భవనాన్ని చూడగానే కూల్చేద్దాం అనేవాళ్లు మా శాఖలో ఎక్కువ. నేను చిన్న కొయ్య సుత్తితో దూలాన్ని తట్టి, ఆ మోత వినేదాకా ఏమీ అనేదాన్ని కాదు. నా వెనుక నన్ను ‘సున్నం మేడం’ అనేవారు. ఎదురుగా కూడా అనొచ్చని చెప్పాను.

మెదక్ ఊరి చివర సర్కారు తోట ఒకటి ఉంది. బోర్డు మీద బొటానికల్ గార్డెన్ అని ఉంటుంది కానీ ఆటోవాళ్లకు బంగ్లా తోట అంటేనే తెలుస్తుంది. ఎక్కడెక్కడి ఉష్ణదేశాల చెట్లనో తెచ్చి, చెరువు నీళ్లు పెట్టి బతికించిన తోట. మధ్యలో ఉన్నది గోల్ బంగ్లా. ముందు వరండా అర్ధచంద్రాకారంలో ఉంటుంది కాబట్టి ఆ పేరు. దేశాన్ని ఇంగ్లిషువాళ్లు ఏలుతున్న కాలంలో, నిజాం కొలువులో తోటలు చూసే ఒక తెల్లదొర కోసం కట్టారు. ఎత్తయిన పెద్ద హాలు, దానికి అటూ ఇటూ నాలుగు గదులు, వెనక మిద్దె మీదికి రాతి మెట్లు. దాని మీద ‘కండెమ్’ ముద్ర పడింది. ఒక భవనం వాడకానికి పనికిరాదని ఇంజనీరు రాసి ఇస్తే దాన్ని కండెమ్ అంటారు. కొత్త జిల్లా కేంద్రంలో వచ్చే పోయే అధికారులకు గెస్ట్ హౌస్ కావాలి, తోట మధ్యలో చల్లటి స్థలం ఉంది, అందులో కూలడానికి సిద్ధంగా ఒక భవనం ఉంది. ఫైలు తనంతట తానే నడిచి వెళ్లేలా ఉండింది.

దాన్ని ఆపింది రాజేశ్వరి గారు. తోటకు ఆమె అధికారి, ఉద్యానశాఖ మనిషి. నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఆమె బంగ్లా గురించి ఒక్క మాటా మాట్లాడలేదు. టీ ఇచ్చి, ఒక ఇనుప బీరువా తెరిచి, అందులోంచి అట్టలు తీసి బల్ల మీద పరిచారు. ఒక్కో అట్ట మీద ఎండబెట్టి అతికించిన ఒక మొక్క, కింద దాని పేరు, దొరికిన చోటు. అల్లాదుర్గ్ చెరువు గట్టు మీద గడ్డి, పోచారం అడవిలో తీగ, తూప్రాన్ రోడ్డు పక్కన ఇప్పుడు కనిపించని ఒక పొద. దీన్ని హెర్బేరియం అంటారు. సగం ఆమె తన సర్వీసులో తిరిగి తిరిగి సేకరించినవే. ఇవి చెడకుండా ఉండాలంటే వేడి ఎక్కని, తేమ పట్టని గది కావాలి. మందపాటి సున్నపు గోడలున్న గోల్ బంగ్లా తప్ప ఆ తోటలో అలాంటి గది లేదు.

“బంగ్లా కూలగొడితే ఇవన్ని హైదరాబాద్‌ల ఏదో గోదాంల పడేస్తరు మేడం. చెదలకు పెట్టినట్టే. అండ్ల నా ఇరవయ్యేండ్ల నడక ఉన్నది” అన్నారు రాజేశ్వరి గారు. గొంతులో తడి లేదు. కోపం ఉంది. నాకా కోపం నచ్చింది.

బంగ్లా మిద్దె మద్రాసు టెర్రస్ అనే పద్ధతిలో వేసింది. గోడ నుంచి గోడకు టేకు దూలాలు, వాటి మీద అడ్డంగా దంతెలనే సన్న కర్రలు, దంతెల మీద సన్న ఇటుకలను నిలువుగా ఏటవాలు వరుసల్లో సున్నంతో పేరుస్తారు. దాని మీద ఇటుక ముక్కలూ సున్నమూ కలిపి దిమ్మిస కొడతారు. పైన గచ్చు. ఇనుము లేదు, సిమెంటు లేదు, అయినా వందేళ్లు నిలబడుతుంది. నిలబడకుండా చేసింది ఎప్పుడో ఎవరో చేసిన మరమ్మతు. కురుస్తోందని గచ్చు మీద సిమెంటు పొర పోశారు. సున్నం లోపలి తేమను బయటికి వదులుతుంది, సిమెంటు వదలదు. పగుళ్లలోంచి దిగిన నీరు పైకి పోలేక, కిందికి రాలేక, గోడలో దూరి ఉన్న దూలాల కొసలను కుళ్లబెట్టింది. సుత్తితో తట్టి చూశాను. దూలం నడుమ అంతా ఠంగుమంది. గోడ దగ్గర మూరెడు మేర మొద్దుగా పలికింది. అంటే రోగం కొసల్లో ఉంది, ఒంట్లో లేదు. దీన్ని కూల్చడం కాలివేలు పుండైతే మనిషిని పూడ్చిపెట్టడం లాంటిదని నోట్ రాశాను. ఆ వాక్యాన్ని ఎస్.ఇ. గారు ఎర్ర సిరాతో కొట్టేశారు. నోట్‌ను మాత్రం కొట్టేయలేదు.

ఆయన చెడ్డవాడు కాదు. సంతకానికి భయపడే ఇంజనీరు, అది తప్పేమీ కాదు. ఆయన పెట్టిన షరతు ఇది. ముందు హాలు మిద్దె ఒక్కటే బాగు చేయాలి. తరువాత వానలు పడేలోపు దానికి లోడ్ టెస్ట్ చేయాలి. నెగ్గితే మిగతా గదులకూ మంజూరు, కండెమ్ రద్దు. ఓడితే ఆ వారమే కూల్చివేత.

“ఒక్కటే టెస్టు విజయలక్ష్మీ. మల్ల ఇంకోటి అనొద్దు” అన్నారు.

“అవసరం పడదు సార్” అన్నాను.

చలికాలం నుంచి ఎండలు ముదిరేదాకా పని నడిచింది. సిమెంటు పొరను ఉలితో విడదీసి తీయించాను. దాంతో మిద్దె మోస్తున్న దండగ బరువు దిగిపోయింది. దూలాల కుళ్లిన కొసలు కోయించి, కొత్త టేకును ఏటవాలు అతుకుతో కలిపి, రెండు వైపులా ఇనుప పట్టీలు బిగించాం. సున్నాన్ని గానుగలో పట్టించాం. ఇప్పుడు ఎద్దుకు బదులు మోటారు ఉంటుంది, అంతే తేడా. అందులో కలిపే కరక్కాయ నీళ్ల కోసం ఎక్కడికో వెళ్లే పని పడలేదు, తోటలోనే కరక్కాయ చెట్టు ఉంది. కరక్కాయ, బెల్లం నానబెట్టిన డ్రమ్ముల వాసనకు తోటకు వచ్చిన వాళ్లు ముక్కులు మూసుకునేవారు. నాకా వాసన ఇష్టం. కొత్త మిద్దె ఎండి, మీద చెయ్యి పెడితే చల్లగా తగిలిన రోజు నాకు కలిగిన సంతోషం ప్రమోషన్ వచ్చినప్పుడు కూడా కలగలేదు.

ఇక లోడ్ టెస్ట్. పేరు పెద్దది, విషయం చిన్నది. మిద్దె మామూలుగా ఎంత బరువు మోయాలో దానికి ఒకటింబావు రెట్లు పైన పేర్చి, ఒక పగలూ రాత్రీ ఉంచుతాం. దూలాల నడుమ కింద డయల్ గేజ్ అమరుస్తాం. అది గడియారంలా ఉంటుంది, దాని కడ్డీ దూలానికి ఆనుకుని ఉంటుంది, వెంట్రుకవాసి కదిలినా ముల్లు తిరుగుతుంది. బరువుకు ఏ మిద్దె అయినా కొంచెం కుంగుతుంది. దించేశాక ఇంకో రోజు ఆగి చూస్తాం. కుంగిన దాంట్లో మూడొంతులకు పైగా వెనక్కి లేస్తే అది ఆరోగ్యం. లేవకపోతే లోపల ఏదో విరిగినట్టు. ముందుజాగ్రత్తగా దూలాల కింద రెండు వేళ్ల సందు వదిలి ఊతకర్రల్లాంటి ఇనుప ప్రాప్‌లు నిలబెడతాం. మిద్దె వచ్చి వాటి మీద కూర్చుంటే మనుషులకేమీ కాదు కానీ టెస్ట్ పోయినట్టే.

బరువుకు మామూలుగా ఇసుక బస్తాలు వాడతాం. ఆ వారం ఇసుక లారీలు రాలేదు. పడమర నుంచి మబ్బులు రోజూ సాయంత్రం వచ్చి చూసి పోతున్నాయి. అప్పుడు రాజేశ్వరి గారు తన నర్సరీ వైపు చూపించారు. వానాకాలంలో రోడ్ల పక్కన నాటడానికి పెంచిన కానుగ మొక్కలు, పెద్ద పెద్ద ప్లాస్టిక్ సంచుల్లో, వరుసలు వరుసలుగా ఉన్నాయి. ఒకే కొలతతో మట్టి నింపిన సంచులు. నాకు కావలసింది ఒకే తీరు బరువు, అది మట్టిదైతేనేం, ఇసుకదైతేనేం. తడి ఉంటే తూకం తేడా వస్తుంది కాబట్టి ముందు రోజు నుంచే నీళ్లు పెట్టడం ఆపించి, వాటిని కాంటా మీద తూచి, లెక్క వేసి మిద్దె మీదికి ఎక్కించాం.

ఎక్కించింది లచ్చవ్వ ముఠా. లచ్చవ్వ నర్సరీలో పని చేసే ఆడవాళ్లకు పెద్ద. ఆ మొక్కలన్నీ విత్తనం నుంచి ఆమె చేతిలో లేచినవే. “గింత పొడుగు మొక్కల్ని మిద్దె ఎక్కిస్తున్నరు, వీటికేం లగ్గమా మేడం” అని వేళాకోళం చేస్తూనే చకచకా పేర్పించింది. సాయంత్రానికి పని పూర్తయింది. గేజ్‌లు చూశాను. ముల్లు నేను కాగితం మీద లెక్క కట్టిన చోటికి రాకుండా, దానికన్నా కొంచెం ముందే ఆగింది. మర్నాడు ఎస్.ఇ. గారు వచ్చాక ఆయన కళ్లముందు దించాలి. అందరినీ పిలిచి, వాచ్‌మన్‌తో సహా, గట్టిగా చెప్పాను: రేపు సారు వచ్చేదాకా ఆ సంచులను ఎవరూ ముట్టొద్దు.

మర్నాడు పొద్దున బస్టాండు దగ్గర ఇడ్లీ తిని తోటకు వచ్చాను. గోల్ బంగ్లా మిద్దె గొట్టంలోంచి సన్నగా నీళ్లు కారుతున్నాయి. రాత్రి వాన పడలేదు. రోడ్డంతా దుమ్మే. రాతి మెట్లెక్కి చూస్తే, నిన్న ఎండకు తలలు వేలాడేసిన కానుగ మొక్కలన్నీ నిటారుగా నిలబడి నిగనిగలాడుతున్నాయి. మెట్ల చివర లచ్చవ్వ, చేతిలో నీళ్ల పైపు.

“ఏం చేసినవ్ లచ్చవ్వా?” అన్నాను.

“నీళ్లు పెట్టిన మేడం.”

“ముట్టొద్దని చెప్పిన్నా లేదా?”

“చెప్పిండ్రు. నేనేడ ముట్టిన? మెట్ల మీదికెల్లే పైపు పట్టిన. ఒక్క కవరన్న జరిగిందేమో చూస్కోండ్రి” అంది. ఆమె మొహంలో తప్పు చేసిన జాడ లేదు. పైగా నన్ను కొంచెం జాలిగా చూసింది. “రెండ్రోజులాయె నీళ్లు బంద్ పెట్టి. ఎండల మాడి సచ్చిపోతయి గావా? పిల్లలోలె సాదిన మేడం వీటిని.”

నిజంగానే ఒక్క సంచీ జరగలేదు. నేనేం చెప్పానో అక్షరాలా అదే చేసింది. పైపు కట్టేయమన్నాను.

కిందికి వచ్చి హాలు తలుపు దగ్గరే అందరినీ ఆపేశాను. మట్టి ఎంత నీరు తాగిందో తెలియదు. తెలియని బరువు కింద మనిషి నిలబడకూడదు, అది మా పనిలో మొదటి నియమం. కానీ గేజ్ చూడాలి. రాజేశ్వరి గారి దగ్గర పక్షులను చూసే బైనాక్యులర్ ఉంది. వరండాలో కిటికీ బయట నిలబడి, అందులోంచి గేజ్ ముల్లును చూశాను. నిన్నటి చోటు దాటి కిందికి దిగింది. ఇంకా కదులుతోంది. పక్కన రాజేశ్వరి గారు నా మోచేయి పట్టుకుని నిలబడ్డారు.

నా ముందు రెండు దార్లున్నాయి. వెంటనే దించేస్తే మిద్దెకు ప్రమాదం ఉండదు, కానీ గడువు నిండని టెస్ట్ టెస్టే కాదు, ఎస్.ఇ. గారు రెండోది ఒప్పుకోరు. ఉంచితే, ప్రాప్‌కూ దూలానికీ మధ్య ఉన్న ఆ రెండు వేళ్ల సందులో బంగ్లా ప్రాణం ఉంది. నేను సుత్తితో విన్న మోతను గుర్తు చేసుకున్నాను. ప్రతి అతుకునూ బిగించేటప్పుడు దగ్గర నిలబడి చూశాను. నా కన్ను మీద నాకు నమ్మకం ఉంది. ఉంచుదామన్నాను. వాచ్‌మన్‌ను తలుపుకు కాపలా పెట్టి, మెట్ల పక్క నుంచి చేతికందే సంచులను మాత్రం ఒక్కొక్కటిగా దింపించి, తూచి, మళ్లీ ఉన్నచోటే పెట్టించాను. ఆ లెక్కన, ఒకటింబావు అనుకున్న బరువు ఒకటిన్నర రెట్లు దాటింది. మళ్లీ బైనాక్యులర్ ఎత్తేసరికి ముల్లు ఆగి ఉంది. చాలాసేపు చూశాను. అక్కడే ఉంది. రాజేశ్వరి గారికి బైనాక్యులర్ ఇచ్చి, మీరూ చూడండన్నాను. ఆమె చూసి, కళ్లు తుడుచుకుని, మళ్లీ చూశారు.

ఎస్.ఇ. గారు వచ్చి జరిగింది విన్నారు. మొదట నవ్వారు, తరువాత మొహం మారింది.

“బరువెంతనో తెల్వని టెస్టు టెస్టయితదా విజయలక్ష్మీ?”

“తెలుసు సార్. తూకమేసిన. ఒకటింబావు పెట్టమంటే ఒకటిన్నర పైకి పోయింది. తక్కువ పెడితే మీరు అనుమానపడాలె.”

“చేతికందినయి తూచినవ్. నడిమిట్లయి?”

“దించేటప్పుడు మీ ముంగటనే అన్ని తూపిస్త సార్. గవి తక్కువుంటే బంగ్లా మీ ఇష్టం.”

ఆయన మిద్దె వైపు చూశారు. “సరే. గంట గంటకు చూసుకుంట గడువు నిండనియ్యి. వాపస్ ఎంత లేస్తదో గదే అసలు ముచ్చట” అని కుర్చీ తెప్పించుకుని వరండాలోనే కూర్చున్నారు. ఇలాంటి వాటిని ఆఫీసులో కూర్చుని తేల్చే అధికారులను చాలామందిని చూశాను. ఆయన ఆ రోజు కదల్లేదు, అందుకే ఇప్పటికీ ఆయనంటే నాకు గౌరవం.

గడువు నిండింది. ముల్లు చెదరలేదు. దించడం మొదలైంది. తడి సంచుల బరువుకు లచ్చవ్వ ముఠా మూలిగింది. “ఎవలు పోయమన్నరో నీళ్లు, వాళ్లనే దించమనుండ్రి” అని ఒకావిడ అంటే లచ్చవ్వే ముందు గట్టిగా నవ్వింది. ప్రతి సంచీ ఎస్.ఇ. గారి ఎదుట కాంటా ఎక్కింది. నడిమివి చేతికందిన వాటికన్నా ఇంకొంచెం ఎక్కువే తూగాయి. పైపు ధార అటే బాగా పడినట్టుంది.

మర్నాడు ఆయనే ముందు హాల్లోకి వెళ్లారు. నాకన్నా ముందే గేజ్ దగ్గర వంగి, అద్దం మీద వేలితో రెండుసార్లు తట్టి చూశారు. ముల్లు మూడొంతులు దాటి, దాదాపు మొదటి చోటికి వెనక్కి వచ్చేసింది. తరువాత తల పైకెత్తి ఇటుకల వరుసలను ఈ చివర నుంచి ఆ చివరకు చూశారు. అంత నీరు తాగిన మట్టి మీద ఉండి కూడా కింద ఒక్క తడి మచ్చ లేదు. మేం ఒక టెస్ట్ అడిగితే లచ్చవ్వ రెండు చేయించింది.

“కండెమ్ తీసేస్తున్న” అన్నారాయన. రాజేశ్వరి గారు బయటికి వెళ్లి, కరక్కాయ చెట్టు కింద కాసేపు ఒక్కరే నిలబడ్డారు.

మిగతా గదులు ఆ పై ఎండాకాలానికి పూర్తయ్యాయి. హెర్బేరియం బీరువాలు హాల్లోకి చేరాయి. నేను కొన్నాళ్లకు రిటైరయ్యాను. ఇప్పటికీ మా శాఖలో లోడ్ టెస్ట్ ఉత్తర్వుల్లో నేను చేర్చిన వాక్యం ఉంది: పేర్చిన బరువులో ఏ మార్పూ రాకూడదు, వాటిపై నీరు పోయరాదు. ఇసుక బస్తాలకు నీళ్లు ఎవరు పోస్తారని కొత్తగా వచ్చిన ఇంజనీర్లు నవ్వుకుంటారట. నవ్వుకోనివ్వండి. ఆ రోజు నేర్చుకున్నది సున్నం గురించి కాదు, అది నాకు ముందే తెలుసు. ఉత్తర్వు రాసేవాళ్ల మనసులో ఏముందో పాటించేవాళ్లకు కనిపించదు, మాట ఒక్కటే కనిపిస్తుంది. కాబట్టి ఏం చేయొద్దో చెబితే సరిపోదు, ఏం జరగకూడదో, ఎందుకు జరగకూడదో చెప్పాలి.

ఇది నేర్చుకున్నాననే అనుకున్నాను. రిటైరయ్యే ముందు, వేళ్లూ తేమా గచ్చును పాడు చేస్తాయని, వెనక రాతి మెట్ల దగ్గర ఒక బోర్డు పెట్టించాను. ‘మిద్దె మీద మొక్కలు పెట్టరాదు’ అని. మొన్న మెదక్ వెళ్లినప్పుడు తోటకు పోయాను. మిద్దె మీద ఒక్క మొక్క లేదు, గచ్చు శుభ్రంగా ఉంది. మెట్ల మీద మాత్రం, కింది నుంచి పైదాకా, మెట్టుకొక కుండీ, గోడకు ఆనించి ఉంది. లచ్చవ్వ అప్పుడే నీళ్లు పెట్టినట్టుంది, గోడ మొదలు తడిగా ఉంది. నన్ను చూసి ఎదురొచ్చింది.

“మిద్దె మీద పెట్టలే మేడం, చూసిండ్రా” అంది.

చూశానన్నాను. కుండీలన్నీ మెట్ల మీద నుంచి దింపించి, గోడకు ఎడంగా పెట్టించి, పెయింటరును పిలిపించి బోర్డు మీద ‘మెట్ల మీద కూడా’ అని చేర్పించి, ఎందుకో కూడా కింద రాయించి వచ్చాను.